రంగుల స్వీట్ కార్న్ అని వేశాను, పద్నాలుగు కూతలకి కూడా మెత్తబడలేదు

మాధవి_మిద్దెతోట
జనవరిలో ఆన్‌లైన్‌లో ఒక ప్యాకెట్ కొన్నాను. 'రెయిన్‌బో స్వీట్ కార్న్, పాతకాలపు విత్తనం' అని రాసుంది. బొమ్మలో గింజలు గాజుపూసల్లా ఉన్నాయి, గులాబీ, నీలం, ఊదా, తేనెరంగు. ఎవరి దగ్గర కొన్నానో చెప్పను, ఆ గొడవ ఇక్కడ వద్దు. ఇరవై గింజల్లో పద్దెనిమిది మొలిచాయి. మా ఇల్లు బన్నేరుఘట్ట రోడ్డు వైపు, మూడో అంతస్తు పైన మిద్దె. పిట్టగోడ పొడుగునా గ్రో బ్యాగులు వరసగా పెట్టి ఒక్కో దాంట్లో రెండేసి మొక్కలు ఉంచాను.

మా పాపకి ఏడేళ్ళు. స్కూలు నుంచి రావడం, చెప్పులు కూడా విప్పకుండా మిద్దెక్కడం. మూడు నెలలు ఇదే వరస. 'రంగు పూర్తిగా వచ్చేదాకా ఆగండి' అని ప్యాకెట్ మీద ఉంటే, పీచు నల్లబడి ఎండిపోయినా ఆగాం. నూటపది రోజులకి తొమ్మిది పొత్తులు కోశాం. ఒలుస్తుంటే మా అత్తగారు కూడా వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయారు. ఏ రెండు పొత్తులూ ఒక్కలా లేవు.

మూడు పొత్తులు కుక్కర్లో పెట్టాను. ఎనిమిది కూతలు. గోరు దిగలేదు. ఇంకో ఆరు పెట్టాను. నీళ్ళు మాత్రం బీట్‌రూట్ ఉడికించినట్టు అయ్యాయి, గింజ రాయి. పాప ఒకటి కొరికి చూసి "ఇవి తినేవి కాదేమో అమ్మా, దండ గుచ్చుకునేవి" అంది. తియ్యదనం ఊసే లేదు.

ఇంకోటి. సగం పొత్తులకి ఒక పక్క గింజలే లేవు, పళ్ళూడిన చిగురులాగా ఉంది. నేనెక్కడ తప్పు చేశాను? కోయడంలోనా, పెంచడంలోనా, కొనడంలోనా?

కొత్తకుండీ
ఫొటో పెట్టండి మాధవి గారూ. నేనూ అలాంటి ప్యాకెట్టే తెప్పించి పెట్టుకున్నాను, ఇంకా చింపలేదు.

మాధవి_మిద్దెతోట
పెట్టాను, పైన చూడండి. ఎడమ పక్కవి ఉడికించినవి, కుడి పక్కవి ఉడికించనివి.

పొలం_శీనప్ప
ఫొటో చూస్తిని. అది తీపి రకం కాదమ్మా. గట్టి రకం. గింజ నున్నగా, గుండ్రంగా, అద్దం మాదిరి మెరుస్తా ఉంది చూడు. తీపి రకం ఎండితే అట్లుండదు, ముడతలు పడతాది, ఎండుద్రాక్ష మాదిరి. మాది హిందూపురం పక్కన పల్లె, ఇప్పుడు యలహంకలో ఉండాను. నలభై ఏండ్లు మొక్కజొన్న చూసినోడిని. నీ తప్పేం లేదు, ప్యాకెట్ మీద రాసినోడిది తప్పు.

జన్యుశాస్త్రం_సుధ
శీనప్ప గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇది గ్లాస్ జెమ్ అనే రకం. అమెరికాలో ఓక్లహోమాలో కార్ల్ బార్న్స్ అనే చెరోకీ వంశపు రైతు పాత తెగల మొక్కజొన్నల్లోంచి రంగు గింజలు ఏరి ఏరి ఏళ్ళ తరబడి వేసుకుంటూ వచ్చి దీన్ని నిలబెట్టాడు. 2012లో ఒక్క ఫొటో ఇంటర్నెట్‌లో తిరిగేసరికి ప్రపంచమంతా ఎగబడింది. అది ఫ్లింట్ జాతి, అంటే గట్టిగింజ రకం. పేలాలకీ పిండికీ పనికొస్తుంది. ఉడికించి తినే రకం కాదని దాన్ని పెంచేవాళ్ళే చెప్తారు. మన దగ్గరికి వచ్చేసరికి అమ్మేవాళ్ళు మధ్యలో 'స్వీట్' అనే మాట దూర్చారు.

తీపికీ గట్టికీ తేడా ఒక్క జన్యువులో ఉంది. మామూలు మొక్కజొన్న ఆకులోంచి వచ్చిన చక్కెరని గింజలో పిండిగా మార్చి దాచుకుంటుంది. తీపి రకంలో ఆ మార్చే పని ఒక చోట చెడిపోయి ఉంటుంది, కాబట్టి చక్కెర చక్కెరగానే మిగులుతుంది. ఎండితే లోపల నింపడానికి పిండి లేక గింజ ముడుచుకుపోతుంది. శీనప్ప గారి ఎండుద్రాక్ష అదే.

కరీంనగర్_కవిత
గ్లాస్ జెమ్ అయితే ఏంది, పారేయకుండ్రి మాధవక్కా! ఆరు కంకులు మిగిలినయ్ కదా. మా అమ్మమ్మ ఎండిన మక్కలు ఇసుర్రాయిల రవ్వ పట్టి గటక వండేది. సల్ల పోసుకొని పచ్చిమిరపకాయ కొరుక్కుంట తింటే ఆ రుచే వేరు. తియ్యగుంటెనే మక్కనా?

గోదారి_బాబాయ్
కవితమ్మ మాటే నా మాట. తీపి, తీపి అని ఈ పిచ్చేమిటో నాకు అంతుపట్టదు. ఏటిగట్టు మీద నిప్పుల్లో కాల్చి, నిమ్మచెక్కకి ఉప్పూ కారం అద్ది రాస్తే, ఆ నాటు పొత్తుని నమిలి నమిలి దవడలు నొప్పి పుట్టాలి. దాని పాలు నోట్లోకి నెమ్మదిగా దిగుతాయి. మాల్‌లో కప్పులో వేసి వెన్న రాసి ఇచ్చే పసుపు గింజలు చక్కెర నీళ్ళు, అంతే.

వైట్‌ఫీల్డ్_లక్ష్మి
బాబాయ్ గారూ, ఆ నాటు పొత్తు కూడా పాలగింజ మీద కోస్తేనే కదా మీ దవడలకి లొంగింది. మాధవి గారు నూటపది రోజులు ఆగారు. ఏ రకమైనా అప్పటికి రాయే.

గోదారి_బాబాయ్
ఒప్పుకున్నాను లక్ష్మీ. అది నిజమే.

జన్యుశాస్త్రం_సుధ
అసలు కీలకం లక్ష్మి గారి మాటలో ఉంది. తీపి ఉండేది పాలగింజలో. పీచు బయటికొచ్చిన దగ్గర్నుంచి సుమారు 18 నుంచి 22 రోజులు. గింజని గోటితో గుచ్చితే పాలు చిమ్మాలి. నీళ్ళొస్తే ఇంకా లేత, ముద్దొస్తే ముదిరిపోయింది. రంగు పూర్తిగా దిగేది ఆ తర్వాత, గింజ ముదిరే కొద్దీ. అంటే రంగు నిండే రోజుకి తీపి వెళ్ళిపోతుంది. పాత తీపి రకాల్లో బ్లాక్ మెక్సికన్ అని ఒకటుంది, 1860ల నుంచి అమెరికాలో అమ్ముతున్నారు. పేరులో నలుపున్నా తినే రోజుకి తెల్లగానే ఉంటుంది, అక్కడక్కడా నాలుగు గింజలు నీలం తిరుగుతుంటాయి. ఎండాక కాటుక నలుపు. దాన్ని పెంచేవాళ్ళు ఆ మొదటి నీలం గింజ కనపడగానే కోసేస్తారు.

రంగు సంగతికొస్తే ఇంకో మాట. పసుపు రంగు కెరోటినాయిడ్లది, ఉడికినా పోదు. నీలం, ఊదా, చాలా ఎరుపులు ఆంథోసయనిన్లు, నీళ్ళలో కరుగుతాయి. మాధవి గారి కుక్కర్ నీళ్ళు అందుకే బీట్‌రూట్ అయ్యాయి. రంగు పొత్తుల్ని ఆవిరి మీద ఉడికించాలి, లేదా కాల్చాలి. నిమ్మరసం పడితే ఊదా కాస్తా ఎర్రబడుతుంది, మందారపువ్వు నీళ్ళలో నిమ్మ పిండినట్టు.

మాధవి_మిద్దెతోట
ఉడికిన నీళ్ళు పారబోయలేదు, నిమ్మకాయ పిండి చూశాం. గులాబీ అయింది! పాప ఏడుపు ఆపింది. సుధ గారూ, మీకు చాలా రుణపడ్డాను.

మరి గింజలు లేని పక్క సంగతి ఎవరూ చెప్పలేదు.

కోలార్‌తోట_వెంకట్
పిట్టగోడ వెంబడి ఒకే వరస అన్నారు కదా, జవాబు అందులోనే ఉంది. మొక్కజొన్నకి గాలే పెళ్ళిపెద్ద. పైన జల్లు మగపూత, కంకికి వేలాడే పీచు ఆడది. పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజకి చేరుతుంది. ఏ పోగు మీద పుప్పొడి పడకపోతే ఆ గింజ లేదు. ఒకే వరసలో పెడితే, అందులోనూ మూడో అంతస్తు మీద, గాలి పుప్పొడినంతా పక్కింటి వాటర్ ట్యాంక్ మీదికి తీసుకుపోతుంది. గాలి వచ్చే వైపు పీచు మీద పుప్పొడి పడింది, అవతలి వైపు పడలేదు. అందుకే ఒక పక్క బోడి.

పొలంలో కూడా మేం నాలుగు వరసలకి తక్కువ వెయ్యం. మిద్దె మీదైతే నాలుగు నాలుగుల పదహారు మొక్కలు, చదరంగంలా, మొక్కకీ మొక్కకీ జానెడున్నర. పెద్ద బ్యాగులు దగ్గర దగ్గరగా చేర్చినా చాలు.

హొరమావు_రఘు
వెంకట్ అన్నకి తోడు నాదొకటి. మిద్దె మీద గాలిని నమ్మకండి. పొద్దున తొమ్మిది, పదకొండు మధ్య జల్లుని కాగితం కవర్లోకి వంచి తట్టండి. పసుపు పొడి రాలుతుంది. వెంటనే పీచు మీద చల్లండి. నాలుగైదు రోజులు వరసగా చెయ్యాలి, ఎందుకంటే కంకి అడుగు గింజల పీచు ముందొస్తుంది, కొన గింజలది చివర. ఎండ ముదిరితే పుప్పొడి కొన్ని గంటలు కూడా బతకదు, మధ్యాహ్నానికి దాచుకుందాం అనుకోవద్దు. వాన పడ్డ పొద్దున పుప్పొడి ముద్దకట్టేస్తుంది, ఆరేదాకా ఆగండి.

కొత్తకుండీ
ఎంత లోతు బ్యాగు కావాలి? నా దగ్గర పన్నెండు అంగుళాలవే ఉన్నాయి.

హొరమావు_రఘు
పెరుగుతుంది, కానీ ఆషాఢం గాలికి పడిపోతుంది. నావి రెండేళ్ళ కిందట ఒక్క రాత్రిలో పదకొండు మొక్కలు ఒరిగాయి. పదహారు, పద్దెనిమిది అంగుళాల లోతు పెట్టండి. మోకాలెత్తు రాగానే మట్టి ఎగదోయండి, కాండం అడుగు కణుపుల్లోంచి వచ్చే ఊడలు అందులో దిగితే మొక్క నిలబడుతుంది. మట్టి, పశువుల ఎరువు, కోకోపీట్ సమంగా, గుప్పెడు వేపపిండి. మోకాలెత్తప్పుడు ఒకసారి, జల్లు తొంగిచూసేటప్పుడు ఒకసారి వేరుశనగ పిండి నానబెట్టిన నీళ్ళు పల్చగా పోయండి. కింది ఆకు కొననుంచి నడి ఈనె వెంబడి లోపలికి పసుపు పాకుతుంటే నత్రజని చాలట్లేదని అర్థం. ఇది తిండిపోతు మొక్క.

కరీంనగర్_కవిత
కత్తెర పురుగు ఎవ్వరికీ రాలేదా? నాకు పోయినసారి మొవ్వులన్నీ, అదే నడుమ లేత ఆకుల సుడి, రంపం పొట్టు లెక్క అయినయ్. మారతహళ్ళిల ఏడో అంతస్తు మీదికి ఎట్ల ఎక్కిందో ఏమో.

పొలం_శీనప్ప
ఎక్కలేదు తల్లీ, ఎగిరొచ్చింది. దాని రెక్కల పురుగు రాత్రికి రాత్రి శానా దూరం పోతాది. మన దేశంలో మొట్టమొదట కనపడింది ఈ కర్ణాటకలోనే, శివమొగ్గ దగ్గర, 2018లో. ఆ ఏడు మా ఊర్లో మొక్కజొన్న వేసినోళ్ళు ఏడ్సినారు. తల మీద తలకిందులు వై గుర్తు, తోక దగ్గర చదరంగా నాలుగు నల్లచుక్కలు ఉంటే అదే. మిద్దె మీద పదహారు మొక్కలకి మందు దేనికి? పొద్దున్నే మొవ్వు విప్పి చూసి ఏరెయ్. ఆకు అడుగున దూది అంటుకున్నట్లు గుడ్ల కుప్ప ఉంటే నలిపెయ్. మొవ్వులో చిటికెడు పొడి ఇసక పోస్తే పురుగు ఒరుసుకోని చస్తాది. మా నాయన ఇసకలోకి బూడిద కలిపేటోడు.

వైట్‌ఫీల్డ్_లక్ష్మి
సుధ గారూ, ఆ బ్లాక్ మెక్సికన్ నాకు నోరూరిస్తోంది. మా చెల్లెలు డల్లాస్‌లో ఉంది, దసరాకి వస్తోంది. నాలుగు ప్యాకెట్లు సూట్‌కేసులో పెట్టుకు రమ్మంటాను. ఎవరెవరికి కావాలి?

కొత్తకుండీ
నాకు!

కోలార్‌తోట_వెంకట్
అలా తేవద్దు అక్కా. విత్తనం బయటి దేశం నుంచి రావాలంటే దిగుమతి అనుమతి, అక్కడి తెగుళ్ళ తనిఖీ పత్రం రెండూ ఉండాలి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు అది. సూట్‌కేసు అయినా, పోస్టు కవర్ అయినా తేడా లేదు. ఇది కాగితాల పట్టింపు అనుకోకండి. ఒక్క కత్తెర పురుగుతోనే మేం ఎన్ని పంటలు పోగొట్టుకున్నామో శీనప్ప అన్నని అడగండి. గింజలోనే దాక్కుని వచ్చే వైరస్‌లు, బూజులు ఉంటాయి. మీ కుండీ పక్కనుంచి రెండు గంటల ప్రయాణంలో మా పొలాలున్నాయి.

వైట్‌ఫీల్డ్_లక్ష్మి
ఇలా ఆలోచించలేదు వెంకట్. వద్దని చెప్పేస్తాను. కానీ బాధగా ఉంది, రంగూ తీపీ రెండూ ఉన్నవి మన దగ్గర లేవా మరి?

జన్యుశాస్త్రం_సుధ
రంగువి ఉన్నాయి. మిజోరంలో మింబాన్ అని జిగురు మొక్కజొన్న ఉంది, అందులో రంగురంగులవి కనిపిస్తాయి. ఉడికిస్తే చెక్కెర తీపి కాదు, బంకగా, నమలబుద్ధేస్తుంది. సిక్కిం కొండల్లోనూ పాత రంగు రకాలున్నాయి. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణ జీకేవీకేలో ఏటా జరిగే కృషి మేళాకీ, ఊళ్ళో జరిగే దేశీ విత్తనాల సంతలకీ వెళ్ళి అడగండి, ఒక్కోసారి దొరుకుతాయి.

తీపివి కూడా ఉన్నాయి. హైదరాబాద్‌లో రూపొందించిన మాధురి, ప్రియ అనే తీపి కాంపోజిట్లు. హైబ్రిడ్లు కావు, గింజ దాచుకుని మళ్ళీ వేసుకోవచ్చు. రెండూ కలిసినదే దొరకడం కష్టం.

హొరమావు_రఘు
దొరక్కపోతే తయారు చేసుకోవచ్చు. ఇది చెప్పాలనే ఈ చర్చ మొదటినుంచీ చదువుతున్నాను. కొంచెం పొడుగవుతుంది.

మూడేళ్ళ కిందట నేను కూడా మాధవి గారిలాగే గ్లాస్ జెమ్ వేశాను, పక్కనే మామూలు పసుపు స్వీట్ కార్న్ హైబ్రిడ్ వేశాను. రెండూ ఒకేసారి పూతకొచ్చాయి. పసుపు పొత్తు ఒలిస్తే మధ్య మధ్య ఊదా గింజలు! వేసిన ఏడాదే పొత్తులో రంగు మారడం చూసి నాకు నిద్ర పట్టలేదు. తిని చూస్తే ఆ ఊదా గింజలు మాత్రం చప్పగా, గట్టిగా. పక్కనున్న పసుపువి తేనె. ఒకే పొత్తులో.

ఆ ఊదా గింజలు విడిగా ఎండబెట్టి తర్వాతి సీజన్‌లో వేశాను. వచ్చిన పొత్తుల్లో నున్నటి గింజల మధ్య ముడతల గింజలు. ఒక పొత్తు కూర్చుని లెక్కపెట్టాను. మొత్తం 412, ముడతలవి 101. నాలుగింట ఒకటి. టెన్త్‌లో చదివిన మెండెల్ పాఠం నా భోజనాల బల్ల మీద ఉంది. ముడతలవే తీపివి కదా, ఇక రంగుల తీపి చేతికొచ్చినట్టే అనుకున్నాను. కానీ ఆ 101లో ఒక్కటంటే ఒక్కటి కూడా రంగుది లేదు. అన్నీ పసుపు. నాలుగు పొత్తులు విప్పాను, అదే కథ. రంగంతా నున్నటి వాటిలో, తీపంతా పసుపులో. నాకు ఇప్పటికీ ఎందుకో తెలియదు. సుధ గారూ, మీకేమైనా అర్థమవుతోందా?

జన్యుశాస్త్రం_సుధ
రఘు గారూ, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మీకు తెలియకుండా మీరొక ప్రసిద్ధమైన ముడి మీద కాలేశారు.

మొదట పొత్తులో రంగు వెంటనే మారడం. గింజలోని తినే భాగం సగం తండ్రిదీ సగం తల్లిదీ కాదు, రెండు వాటాలు తల్లివి, ఒక వాటా పుప్పొడిది. పుప్పొడి తెచ్చిన రంగు, పిండి గుణం ఆ గింజలోనే బయటపడతాయి. మామిడిలో అలా జరగదు, ఏ పుప్పొడి పడ్డా బంగినపల్లి బంగినపల్లే. మొక్కజొన్నలో పై తోలు మాత్రం తల్లిది, దాని రంగు ఆ ఏడు మారదు. కాబట్టి తీపి రకం వేసేవాళ్ళు గట్టి రకానికి దూరంగా వెయ్యాలి, లేదా పూత రెండు మూడు వారాలు తేడా వచ్చేలా విత్తాలి.

ఇక మీ 101 పసుపు గింజలు. మార్కెట్‌లో దొరికే హైబ్రిడ్ స్వీట్ కార్న్ చాలావరకు ష్రంకెన్-2 అనే జన్యువు వల్ల తియ్యగా ఉంటుంది. అది మూడో క్రోమోజోమ్ మీద ఉంది. రంగుకి తప్పనిసరైన ఏ1 అనే జన్యువు దానికి పక్కిల్లే. ఎంత పక్కన అంటే, ఆ రెండూ విడిపోవడం వెయ్యిలో ఒకసారి. మీ హైబ్రిడ్‌లో ష్రంకెన్-2తో పాటు చెడిపోయిన ఏ1 కూడా వచ్చి ఉంటుంది. తీపి ఎక్కడికి పోతే రంగులేనితనం దాని వెంట పోతుంది, కవల పిల్లల్లా. ఇంకో చిత్రం వినండి. 1950లలో ఇల్లినాయ్‌లో జాన్ లాఫ్నన్ ఈ ఏ1 రంగు జన్యువునే పరిశోధిస్తూ, పక్కనున్న ముడతల గింజలు అంత తియ్యగా ఉన్నాయని గమనించాడు. ఈ రోజు కప్పుల్లో అమ్ముడుపోయే సూపర్ స్వీట్ అక్కడినుంచి వచ్చింది. ఆ ముడి తెంచి ఊదా రంగు సూపర్ స్వీట్ సాధించామని ఆస్ట్రేలియాలో శాస్త్రవేత్తలు ఈ మధ్యే ప్రకటించారు. దానికి వాళ్ళు వేల గింజలు వెతకాల్సొచ్చింది.

మీకు దారి వేరే ఉంది. పాత తీపి రకాల్లో పనిచేసేది షుగరీ-1 అనే వేరే జన్యువు. అది నాలుగో క్రోమోజోమ్ మీద, ఏ1తో సంబంధం లేదు. ముడతలు చూస్తే గుర్తుపట్టొచ్చు. ష్రంకెన్ గింజ లోపలికి పీక్కుపోయి, మసకగా, బోలుగా ఉంటుంది. షుగరీ గింజ ముడతలు పడ్డా గాజులా కాంతి లోపలికి పోనిస్తుంది.

కొత్తకుండీ
ఇది చదివి మా ఆవిడకి వినిపించాను. బయాలజీ టీచర్ ఇలా చెప్పుంటే నేను డాక్టర్‌ని అయ్యుండేవాణ్ణి.

హొరమావు_రఘు
మూడేళ్ళ చిక్కు విడిపోయింది సుధ గారూ. నిజంగా కళ్ళు తడిసాయి.

ఇప్పుడు మిగతాది చెప్తాను. ఆ దెబ్బకి విసిగి హైబ్రిడ్ వదిలేశాను. మా మావయ్య రాజేంద్రనగర్ వైపు ఉంటారు, ఆయన దగ్గర పాత మాధురి గింజలుంటే తెచ్చుకున్నాను. మీరన్నట్టు ముడతలు పడి గాజులా ఉన్నాయి. దాన్ని గ్లాస్ జెమ్ నున్నటి ఊదా గింజల మొక్కతో చేత్తో కలిపాను, కవర్లు కట్టి. పోయిన నెల రెండో తరం పొత్తులు ఎండాయి. ముడతల గింజలు ఏరితే వాటిలో ఊదావి ఉన్నాయి! నీలంవి ఉన్నాయి. ఒక డబ్బాలో డెబ్భై దాకా పోగయ్యాయి.

మాధవి_మిద్దెతోట
డెబ్భై!

కోలార్‌తోట_వెంకట్
రఘూ, ఆనందంలో ఒకటి మర్చిపోకు. పది పదహారు మొక్కల నుంచే ఏటా గింజ తీస్తూ పోతే నాలుగు తరాలకి మొక్క గిడసబారిపోతుంది. మొక్కజొన్నకి దగ్గరి సంబంధాలు పడవు. వందకి తక్కువ కాకుండా మొక్కల నుంచి గింజ కలపాలి. ఒక్క మిద్దె మీద అది కుదరదు. పంచుకో. ఒక్కొక్కరు పదహారు వేసి, పండాక గింజలు మళ్ళీ ఒక చోట కలపండి. నా దగ్గర పక్కన మొక్కజొన్న లేని మూల ఒకటుంది, ఆగస్టులో అక్కడ నలభై వేస్తాను.

పొలం_శీనప్ప
మా దగ్గర మునుపు విత్తనం ఇట్లే ఉండేది. ఒక ఇంట్లో పోయినా ఇంకో ఇంట్లో దొరికేది. నాకూ పదహారు ఇయ్యప్పా.

గోదారి_బాబాయ్
ఆగస్టులో వేస్తే పూత అక్టోబరు వానల్లో పడుతుంది వెంకట్. పుప్పొడి కారిపోతుంది.

కోలార్‌తోట_వెంకట్
ఆగస్టు మొదటి వారం వేస్తే సెప్టెంబరు చివరికే పూత బాబాయ్. కొంత వాన తప్పదు. జనవరి చివర వేస్తే మార్చి ఎండకి పీచు మాడుతుంది. ఏది వేసినా ఒక గండం ఉంది, వాన గండమే నయం. రఘు చెప్పిన కాగితం కవరు ఉంది కదా.

కరీంనగర్_కవిత
మాధవక్కా, ఆ ఆరు కంకులు ఏం చేసినవ్?

మాధవి_మిద్దెతోట
చెప్పడం మర్చిపోయాను. రెండు పొత్తుల గింజలు ఒలిచి మూకుడులో కాస్త నూనె వేసి మూతపెట్టాం. మొదటి గుప్పెడు పేలలేదు, మాడింది. ఇంకో పది రోజులు నీడన ఆరబెట్టి మళ్ళీ వేస్తే టపటపా పేలాయి. చిన్న చిన్న తెల్లటి పేలాలు. రంగులు ఎక్కడికి పోయాయని పాప మూకుడు అడుగు వెతికింది. పైపొర పెంకులే ఊదాగా అంటుకుని ఉన్నాయి, లోపలి పిండి అందరిదీ తెలుపే. రుచి మాత్రం బజారు పాప్‌కార్న్‌కి లేనంత కమ్మగా, వేయించిన వేరుశనక్కాయల వాసనతో.

మిగతా నాలుగూ రవ్వ పట్టించి గటక వండాను కవితా, నువ్వు చెప్పినట్టే. మజ్జిగా, పచ్చిమిరపకాయా. మా అత్తగారు రెండుసార్లు వడ్డించుకున్నారు.

కరీంనగర్_కవిత
ఇగ నా కడుపు నిండింది.

జన్యుశాస్త్రం_సుధ
పొత్తులు ఉంటే పాపతో వరసలు లెక్కపెట్టించండి. పన్నెండో పద్నాలుగో పదహారో, ఎప్పుడూ సరిసంఖ్యే వస్తుంది. పువ్వులు జంటలుగా పుడతాయి కాబట్టి. ఇంకా, గింజల మీద చుక్కలూ చారలూ ఉన్నవి ఉంటే విడిగా దాచండి. ఆ చుక్కలు ఎందుకొస్తాయో వెతుకుతూనే బార్బరా మెక్‌క్లింటాక్ జన్యువులు చోటు మారతాయని కనిపెట్టింది. నమ్మడానికి లోకానికి చాలా ఏళ్ళు పట్టింది, 1983లో నోబెల్ ఇచ్చారు.

హొరమావు_రఘు
వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి లాల్‌బాగ్ పడమటి గేటు లోపల ఉంటాను. ఒక్కొక్కరికి పది, పన్నెండు గింజలు. లక్ష్మి గారూ, కొత్తకుండీ, శీనప్ప గారూ, మాధవి గారూ, వెంకట్ అన్నా. ఎవరి మిద్దెకి చుట్టుపక్కల వేరే మొక్కజొన్న ఉందో ముందే చూసుకోండి.

గోదారి_బాబాయ్
నా పేరు లేదేం?

హొరమావు_రఘు
తీపి పిచ్చి మీకు లేదన్నారు కదా బాబాయ్. సరే, మీకూ పది.

వైట్‌ఫీల్డ్_లక్ష్మి
ఆదివారం వచ్చినవాళ్ళందరికీ థాంక్స్. బాబాయ్ గారు ఫ్లాస్కు నిండా కాఫీ తెచ్చారు, శీనప్ప గారు అందరికీ ఇసక పొట్లాలు కట్టి తెచ్చారు, పురుగుకి ఒక్కొక్కరికి ఒకటి. గింజలు అరచేతిలో వేసుకుని సూర్యుడి వైపు పట్టి చూశాం. ఊదా గింజ ముడతల్లోంచి కూడా వెలుగు కొద్దిగా దిగింది.

మాధవి_మిద్దెతోట
ఈసారి నాలుగు బ్యాగులు నాలుగు మూలలా చేర్చి చదరంగా పెట్టాను. రఘు గారి పన్నెండు, పైన మా పాప నలుగురి దగ్గరా ఒక్కోటి అడిగి తెచ్చుకున్నవి నాలుగు. ఇవాళ ఆరో రోజు. పదిహేను మొలిచాయి. మొలవని చోట పాప కర్రపుల్ల గుచ్చి, 'ఇక్కడ నీలంది ఉంది, తొక్కొద్దు' అని చీటీ కట్టింది.

పీచు కనపడిన రోజు తేదీ రాసి పెడతాను. ఇరవయ్యో రోజున గోటితో గుచ్చి చూసి ఇక్కడే చెప్తాను.